మట్టిలో మందు వెతికించిన భీమవరం బిడ్డ యల్లాప్రగడ

తొలకరి వాన పడగానే పొలం నుంచి కమ్మని వాసన వస్తుంది. ఆ వాసన పుట్టించేవి మట్టిలో కాపురముండే కంటికి కనబడని జీవులు. ఆ జాతి జీవుల్లో ఒకదాని నుంచి ప్రపంచానికి గొప్ప మందు తీయించిన శాస్త్రజ్ఞుడు గోదావరి గడ్డ మీద, భీమవరంలో పుట్టినవాడే. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు పేరు ఆరియోమైసిన్. అమెరికాలో ఒక వ్యవసాయ పరిశోధనా క్షేత్రంలో, 57 ఏళ్లపాటు ఎరువన్నది ఎరుగని ఒక గడ్డి మడిలో అది దొరకడం విశేషం. సుబ్బారావు పేరు వైద్యులకు బాగా తెలుసు. ఆయన కథలో రైతు తెలుసుకోదగ్గ భాగం కూడా ఉంది.

బెరిబెరి ఇంట పుట్టి

సుబ్బారావు 1895 జనవరి 12న జన్మించారు. భీమవరం అప్పుడు మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో ఉండేది. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడింది 1925లో. భీమవరం జిల్లా కేంద్రమైంది 2022లో.

తండ్రి జగన్నాథం రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. బెరిబెరి జబ్బు వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. తవుడంతా పోయేలా మరపట్టిన తెల్లబియ్యమే ప్రధాన ఆహారమైన చోట, బి-1 విటమిన్ అందక వచ్చే జబ్బు అది. అన్నపూర్ణ అని పేరుబడ్డ డెల్టాలో అన్నం తింటూనే మనుషులు నీరసించి కాళ్లు చచ్చుబడే రోజులవి. సంసారం పెద్దది. రాబడి తక్కువ.

చిన్నతనంలో సుబ్బారావుకు చదువు మీద ధ్యాస నిలవలేదు. 13 ఏళ్ల వయసులో కాశీ వెళ్లి, యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని డబ్బు గడిద్దామని ఇల్లు విడిచారని చెబుతారు. ఇంటివారు వెనక్కు తీసుకొచ్చారు. తల్లి వెంకమ్మ పట్టుదల గల మనిషి. కొడుకును రాజమండ్రిలో బడికి పంపారు. అక్కడ చదువు సాగలేదు. చివరకు మద్రాసు హిందూ హైస్కూలులో, మూడో ప్రయత్నంలో, మెట్రిక్ గట్టెక్కారు. తరువాత ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. రామకృష్ణ మిషన్‌లో చేరి సన్యసించాలని కోరిక పుట్టింది కాని తల్లి ఒప్పుకోలేదు. చివరకు వైద్యవిద్య వైపు మళ్లారు.

ఖద్దరు కోటుకు ఖరీదు

మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుకయ్యే ఖర్చును మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి చాలావరకు భరించారు. ఆయన కుమార్తె శేషగిరితో సుబ్బారావుకు 1919లో వివాహమైంది. విదేశీ వస్తువులను వదలాలని గాంధీజీ ఇచ్చిన పిలుపు విని, సుబ్బారావు శస్త్రచికిత్స గదిలోకి ఖద్దరు కోటు తొడుక్కుని వెళ్లారు. తెల్లదొర అయిన ఆచార్యుడికి అది కంటగింపైంది. పరీక్షలు బాగానే రాసినా, పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. అంతకంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ప్రభుత్వ వైద్య ఉద్యోగం దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి నడిపిన ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం పాఠాలు చెప్పుకుంటూ కాలం గడిపారు.

ఆ రోజుల్లోనే ఇంటి మీద పిడుగు పడింది. ఇద్దరు సోదరులు స్వల్ప వ్యవధిలో కన్నుమూశారు. వారిలో పురుషోత్తం ప్రాణం తీసింది స్ప్రూ అనే జబ్బు. తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నెత్తురు పలచబడి మనిషి శల్యమైపోతాడు. సుబ్బారావుకు కూడా ఆ జబ్బు సోకింది. ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. ఎందుకు వస్తుందో, ఏ మందుతో పోతుందో అప్పటికి ఎవరూ ఎరుగరు. ఆ కారణం పట్టుకోవాలన్న పంతం ఆయన మనసులో నాటుకుంది.

కాకినాడ ధర్మం, అమెరికా చదువు

1920ల మొదటి సంవత్సరాల్లో ఆయన అమెరికాలోని బోస్టన్ నగరానికి ఓడలో వెళ్లారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామని మాట ఇవ్వడం, మామగారు డబ్బు సమకూర్చడం వల్ల ఆ ప్రయాణం సాధ్యమైంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు. తిండికి, అద్దెకు సరిపోక ఆస్పత్రిలో రాత్రిపూట నౌకరు పని చేశారు. రోగుల మలమూత్రాల పాత్రలు కడగడం కూడా ఆ పనిలో భాగమే. భార్య స్వదేశంలోనే ఉండిపోయారు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. తరువాత ఆ దంపతులు మళ్లీ కలుసుకోలేదు. సుబ్బారావు తిరిగి రాలేదు.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి ఆయన చేసిన మొదటి గొప్ప పని 1925లో వెలువడింది. నెత్తురులో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతి అది. ప్రపంచమంతటా వైద్య విద్యార్థులు దాన్ని ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని చదువుకున్నారు. రైతు తన పొలం మట్టిని భూసార పరీక్షకు పంపితే, అక్కడ భాస్వరం లెక్క కట్టేది కూడా ఆ కోవకు చెందిన నీలిరంగు పద్ధతితోనే.

1927లో కండరాల్లో శక్తి నిలవ ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నారు. 1929లో ఏ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు. బతికున్న ప్రతి కణానికి శక్తినిచ్చే చిల్లర నాణెం ఏ.టి.పి. నాగలి లాగే ఎద్దుకు, మొలకెత్తే వరి గింజకు, గింజ పక్కన మట్టిలో మెదిలే సూక్ష్మజీవికి అదే ఆధారం. జీవి చచ్చిన కాసేపటికే అది చెదిరిపోతుంది. అందువల్ల పిడికెడు మట్టిలో ఎంత జీవం ఉందో లెక్కించడానికి ఆ మట్టిలోని ఏ.టి.పి.ని కొలిచే పద్ధతిని తరువాతి కాలపు శాస్త్రజ్ఞులు అభివృద్ధి చేశారు. మట్టి బతికి ఉందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పే కొలమానాల్లో భీమవరం వాడి చేతిపని ఒకటి ఉందన్న మాట.

తమ్ముళ్లను, అన్నలను తిన్న జబ్బుకు మందు

1930లో డాక్టరేటు వచ్చినా హార్వర్డ్‌లో స్థిరమైన ఆచార్య పదవి రాలేదు. 1940లో ఆయన న్యూయార్క్ సమీపాన పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల సంస్థలో చేరి, తరువాత పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. పేరు బయటకు రావాలన్న యావ ఆయనకు లేదు. తన కింద పనిచేసేవారి పేర్లే పత్రాల మీద ముందుకు పెట్టేవారు. అందువల్లే ఆ సంస్థలో వెలసిన మందుల వెనుక ఆయన ఉన్న సంగతి చాలామందికి తెలియకుండా పోయింది.

స్ప్రూ జబ్బులో నెత్తురు పలచబడటానికి ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కొరత ముఖ్య కారణమని తేలింది. ఆయన బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఈ వేటలో కూడా దారి చూపినవి సూక్ష్మజీవులే. ఆ విటమిన్ ఉంటే తప్ప పెరగని ఒక బాక్టీరియాను కొలబద్దగా పెట్టుకుని, అది ఎక్కడ బాగా పెరిగితే అక్కడ విటమిన్ ఉన్నట్టు గుర్తించారు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణీ స్త్రీలకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉండేది ఈ ఫోలిక్ యాసిడే.

ఫోలిక్ యాసిడ్‌కు ఎదురు తిరిగే మందులు కూడా అక్కడే తయారయ్యాయి. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ నెత్తురు క్యాన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితాలు ప్రకటించాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ క్యాన్సరుకు, కీళ్లవాతానికి వాడుకలోకి వచ్చింది. 1947లో వచ్చిన హెట్రజాన్ బోదకాలు జబ్బు మీద పనిచేసింది. గోదావరి డెల్టా పల్లెలకు బోదకాలు ఎంత పాత శత్రువో చెప్పనక్కరలేదు. 2004 నుంచి దేశమంతటా ఆ జబ్బు ఉన్న జిల్లాల్లో ఏటా ఊరూరా మింగించిన డి.ఇ.సి. మాత్ర అదే.

పిడికెడు మట్టి కోసం

రెండో ప్రపంచ యుద్ధం నాటికి పెన్సిలిన్ పేరు మార్మోగుతోంది. కాని అన్ని రకాల సూక్ష్మజీవులు దానికి లొంగలేదు. 1943లో అమెరికాలోనే సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అనే యువకుడు క్షయకు పనిచేసే స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నాడు. ఆ మందునిచ్చిన జీవి ఒక పొలం మట్టిలో దొరికింది. అది పశువుల ఎరువు దండిగా తోలిన పొలం. ఇక మట్టిలో ఇంకేమి మందులున్నాయోనని అందరి చూపూ నేల మీద పడింది.

సుబ్బారావు ఈ పనికి ఏడు పదులు దాటిన ఒక విశ్రాంత ఆచార్యుణ్ణి తెచ్చుకున్నారు. ఆయన పేరు బెంజమిన్ డగ్గర్. మొక్కల తెగుళ్లు, శిలీంధ్రాల శాస్త్రంలో దిట్ట. విశ్వవిద్యాలయం వయసు మీరిందని పంపించేసిన మనిషిని పిలిచి ప్రయోగశాల అప్పగించడం సుబ్బారావుకే చెల్లింది. డగ్గర్ ఎక్కడెక్కడి పరిచయస్తులకో ఉత్తరాలు రాసి మట్టి తెప్పించారు. మిస్సోరి విశ్వవిద్యాలయంలో ఆయన ఒకప్పుడు పనిచేశారు. అక్కడి భూసార శాస్త్రజ్ఞుడు విలియం ఆల్‌బ్రెక్ట్ 1945లో కొన్ని నమూనాలు పంపారు. వాటిలో ఒకటి శాన్‌బార్న్ క్షేత్రం 23వ మడి మట్టి.

ఆ మట్టిలో బంగారు రంగు తేలే ఒక జీవి కనబడింది. దాని నుంచి తీసిన మందు పలు రకాల సూక్ష్మజీవులను అణచింది. బంగారాన్ని సూచించే లాటిన్ మాటతో దానికి ఆరియోమైసిన్ అని పేరు పెట్టారు. 1948 జులైలో ప్రపంచానికి ప్రకటించారు. టెట్రాసైక్లిన్ జాతి మందులన్నిటికీ అదే పెద్దక్క. చేలల్లో ఎలుకల మూత్రం వల్ల సోకే లెప్టోస్పైరోసిస్‌కు, చిగ్గర్ పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్‌కు వైద్యులు రాసే డాక్సీసైక్లిన్ ఆ వంశంలోదే.

23వ మడి చెప్పే పాఠం

శాన్‌బార్న్ క్షేత్రాన్ని 1888లో స్థాపించారు. ఏ సేద్యం చేస్తే నేల ఏమవుతుందో ఏళ్ల తరబడి చూడటమే దాని ఉద్దేశం. ఒక మడిలో ఏటా మొక్కజొన్నే. ఇంకొక మడిలో గోధుమే. మరొక దానిలో పంట మార్పిడి. కొన్నిటికి పశువుల ఎరువు, కొన్నిటికి రసాయనిక ఎరువు, కొన్నిటికి ఏమీ లేదు. 23వ మడిలో టిమోతి అనే పశుగ్రాసం పెంచుతూ, ఎరువు వేయకుండా వదిలారు. దండిగా ఎరువు తిన్న పొలం స్ట్రెప్టోమైసిన్ ఇచ్చింది. ఎరువు ముఖం చూడని మడి ఆరియోమైసిన్ ఇచ్చింది. నేల మీద సేద్యం మారితే నేల లోపలి కాపురస్థులు కూడా మారతారు. ఎవరి వల్ల ఏ మేలు ఉందో వెతికి చూస్తే తప్ప తెలియదు.

ఆ క్షేత్రానికి 100 ఏళ్లు నిండాక పైమట్టి మందం కొలిచారు. ఏటా దున్ని మొక్కజొన్నే వేసిన మడిలో పైమట్టి, గడ్డి మడితో పోలిస్తే సగం కూడా మిగలలేదు. పంట మార్పిడి చేసిన మడి ఎంతో మెరుగ్గా నిలిచింది. దుక్కి దున్నినప్పుడల్లా మట్టిలోకి గాలి చేరుతుంది. సూక్ష్మజీవులు చురుకెక్కి, మట్టిలోని కుళ్లిన ఆకును, వేరును తినేస్తాయి. ఆ తిండిలోంచే పైరుకు పోషకాలు విడుదలవుతాయి. తీసుకున్నంత తిరిగి వేయకపోతే మాత్రం కొంతకాలానికి వాటి గాదె ఖాళీ అవుతుంది. అప్పుడు మట్టి రేణువులను అంటిపెట్టుకుని ఉంచే జిగురు కూడా తగ్గుతుంది. వానకు పైమట్టి కొట్టుకుపోతుంది.

డెల్టా నేలకు వర్తించేది

సారవంతమైన నేలలో ఒక్క గ్రాము మట్టిలో 100 కోట్ల వరకు బాక్టీరియా ఉండవచ్చునని అంచనా. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల కింద వరి విస్తరించిన డెల్టాలో ఆ జీవులకు వేరే జీవితం ఏర్పడింది. దమ్ము చేసి నీరు పెట్టగానే మట్టిలో గాలి తరిగిపోతుంది. గాలి కావలసినవి అణగుతాయి. గాలి అక్కరలేనివి విజృంభిస్తాయి. చేలో అడుగు పెడితే బుడగలుగా పైకి వచ్చే వాయువులో మీథేను ఉండేది అందుకే. మరోవైపు నిలవ నీటిలో పెరిగే నీలి ఆకుపచ్చ నాచు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు ఇస్తుందని 1939లో పి.కె. డే అనే భారతీయ శాస్త్రజ్ఞుడు చూపించారు. డబ్బు ఖర్చు లేని ఎరువు అది. యూరియా అవసరానికి మించి చల్లిన చేలో ఆ నాచు నత్రజని పట్టే పని తగ్గించుకుంటుంది.

సార్వా కోతకు ముందు చేలో మినుము, పెసర చల్లడం డెల్టా రైతుల పాత అలవాటు. అపరాల వేళ్లకు పట్టే బుడిపెల్లో రైజోబియం బాక్టీరియా ఉండి గాలి నత్రజనిని నేలకు చేరుస్తుంది. తడి కింద నలిగిన నేలకు గాలి తగిలే కాలం కూడా అదే. వరి మీద వరి వేసే చోట ఆ రెండు మేళ్లూ తగ్గుతాయి. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి పూత దశలో దున్నడం సూక్ష్మజీవులకు విందు పెట్టడమే. కోత యంత్రం వదిలిన గడ్డికి నిప్పు పెడితే పైపొర జీవులు మాడిపోతాయి. గడ్డిలోని నత్రజని, గంధకం పొగలో పోతాయి. ఉప్పునీటి చెరువుల ఊట పక్క చేలకు పాకితే ఆ ఉప్పుకు తట్టుకోలేని జీవులు ముందుగా నశిస్తాయి. పైరు ఎండటం తరువాతి సంగతి.

ఒకే పొట్లంలో రెండు మడులు

వరిలో బాక్టీరియా ఆకు ఎండు తెగులు వస్తే రైతులు పిచికారీ చేస్తూ వచ్చిన స్ట్రెప్టోసైక్లిన్ పొట్లంలో 9 పాళ్లు స్ట్రెప్టోమైసిన్, 1 పాలు టెట్రాసైక్లిన్ ఉంటాయి. ఎరువు తోలిన పొలం మందు, ఎరువెరుగని మడి మందు ఒకే పొట్లంలో కలిశాయన్న మాట. మట్టి జీవులు మనిషికిచ్చిన ఆయుధం మళ్లీ మట్టిలోనే పడుతోంది. ఆ మందుకు లొంగనివి బతికి, సంతానం పెంచుకుంటాయి. ఆ లొంగని గుణం ఒక జీవి నుంచి ఇంకొక జీవికి, చివరకు మనుషులకు జబ్బు తెచ్చే వాటికి కూడా పాకగలదు. అప్పుడు ఆస్పత్రిలో అదే మందు పనిచేయదు. ఈ కారణంగానే 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌లను సేద్యంలో నిలిపివేయడానికి ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. చేపల, రొయ్యల చెరువుల్లో పోసే యాంటీబయాటిక్‌లకు కూడా ఇదే వర్తిస్తుంది. మందు అవశేషాలున్నాయని రొయ్యల సరుకును విదేశాలు తిప్పి పంపిన సందర్భాలు ఉన్నాయి. తెగులు మాటకొస్తే, నత్రజని తగుమాత్రంగా వేసి, తట్టుకునే వంగడం ఎంచుకుంటే సగం బెడద ముందే తీరుతుంది.

53 ఏళ్లకే

ఆరియోమైసిన్ ప్రకటించిన కొద్ది వారాలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గుండెపోటుతో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53 ఏళ్లు. దేశానికి స్వాతంత్య్రం వచ్చి ఏడాది నిండుతున్న రోజులవి. ఆయన అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. నోబెల్ బహుమతి రాలేదు. సంపద కూడబెట్టలేదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

అంతకు ముందే, 1953లో, అమెరికా శాస్త్రజ్ఞుడు హెసెల్టిన్ కొత్తగా గుర్తించిన ఒక శిలీంధ్రానికి సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. మురుగునీటిని శుద్ధిచేసే చోట దొరికిన జీవి అది. మనిషి విసర్జించినదాన్ని కుళ్లబెట్టి మళ్లీ నేలకు పనికొచ్చేలా చేసే జీవుల మధ్య గోదావరి వాడి పేరు అలా నిలిచిపోయింది.